ఏడేళ్ల వాడకం తర్వాత మా వంటగది: ముందు వేసుకున్న లెక్కల్లో నిలిచినవీ, తప్పినవీ

మా వంటగది 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు ఉంటుంది. హైదరాబాదులో 2004లో కట్టిన అపార్ట్‌మెంటులోని ఈ గదిని 2018 జనవరి 20న పగలగొట్టించి, మార్చి 11న, ఉగాదికి వారం ముందు, మళ్లీ పొయ్యి వెలిగించాము. ఆనాటి నుంచి ఐదుగురికి రెండు పూటలా వంట జరుగుతున్న గది కనుక, అప్పుడు వేసుకున్న ప్రణాళిక ఎంతవరకు పనికొచ్చిందో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

పని మొదలుపెట్టడానికి ముందు మూడు వారాల పాటు నేను ఒక నోటు పుస్తకంలో ఏ గిన్నె ఎన్నిసార్లు తీశాను, దేనికోసం వంగాను, దేనికోసం స్టూలు ఎక్కాను అన్నది రాసుకున్నాను. మావారు నవ్వారు కానీ, ఈ గదిలో ఈనాటికీ చక్కగా నడుస్తున్నవన్నీ ఆ పుస్తకంలోంచి వచ్చినవే. పోపుల పెట్టె, నూనె, ఉప్పు, చింతపండు పొయ్యికి కుడివైపు చేయి చాపే దూరంలో ఉండాలనీ, గట్టు కింద తలుపుల అరలకు బదులు సొరుగులు ఉండాలనీ అప్పుడే తేలింది. వెనక ఉన్న గిన్నె కోసం నేల మీద మోకాళ్లు మోపవలసిన అవసరం ఈ ఏడేళ్లలో రాలేదు. పుస్తకంలో లేని ఒకే ఒక వస్తువును, మూలకు బిగించే తిరుగుడు అరను, షోరూములో చూసి ముచ్చటపడి కొన్నాము. అది రెండో ఏడే బిగుసుకుపోయింది. ఇప్పుడు అందులో పండగలకు తీసే పెద్ద గంగాళం మాత్రం ఉంది.

గట్టు ఎత్తు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మేస్త్రీ "అందరికీ 34 అంగుళాలే వేస్తామమ్మా" అన్నాడు. నేను నిలబడి మోచేయి మడిస్తే నేల నుంచి 38 అంగుళాలు వచ్చింది. కూరలు తరగడానికి, పిండి కలపడానికి దానికంటే 5 అంగుళాలు తక్కువ ఉంటే భుజాలు పైకి లేవవు కనుక 33 అడిగాను. అతను గోడ మీద సుద్దతో గీత గీసినప్పుడు పాత నేల నుంచి కొలిచాడు. పాత టైల్స్ తీయకుండా వాటిమీదే కొత్తవి అతికించబోతున్నాము కాబట్టి నేల ముప్పావు అంగుళం పైకి వస్తుందని గుర్తుచేసి ఆ గీతను మార్పించాను. అంత జాగ్రత్త పడిన నాకు, అదే ముప్పావు అంగుళం గుమ్మం తలుపుకు అడ్డం పడుతుందని మాత్రం తోచలేదు. తలుపు ఊడదీసి అడుగు చిత్రిక పట్టించేదాకా అది కొత్త టైల్స్ మీద కీచుమంటూనే ఉంది.

గట్టు రాయి విషయంలో నాకు ఏ పశ్చాత్తాపమూ లేదు. మావారికి తెల్ల పాలరాయి మీద మనసుండేది. పాలరాయి సున్నపు జాతి రాయి. చింతపండు పులుసో నిమ్మరసమో ఒలికితే మెరుపు పోయి మచ్చ పడుతుంది. పులుసు లేని రోజు ఉండని మా ఇంట్లో అది నెల తిరగకుండానే పాడయ్యేది. చీమకుర్తి నుంచి వచ్చే నల్ల గెలాక్సీ గ్రానైట్ వేయించాము. సింకు అంచున కొద్దిగా ఉప్పునీటి చార తప్ప దానికి ఏమీ కాలేదు.

కరెంటు లెక్క సగమే సరిపోయింది. మిక్సీ, గ్రైండరు, ఫ్రిజ్, చిమ్నీ, నీళ్ల ఫిల్టరు అన్నిటికీ విడివిడిగా ప్లగ్గులు పెట్టించాము, కానీ ఓవెన్, ఇండక్షన్ పొయ్యి, కెటిల్ మూడింటినీ ఒకే 16 ఆంపియర్ల లైనుకు కలిపారు. ఒక్కో 2000 వాట్ల చొప్పున ఓవెన్, ఇండక్షన్, 1500 వాట్ల కెటిల్ కలిసి నడిస్తే 230 వోల్టుల దగ్గర దాదాపు 24 ఆంపియర్లు లాగుతాయి. కాసేపటికి ఎంసీబీ, అంటే భారం ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్, పడిపోతుంది. టైల్స్ పగలగొట్టకుండా రెండో లైను వేయలేము కనుక, మా అత్తగారు టీ నీళ్లు పెట్టబోతూ "ఓవెన్ ఆపావా అమ్మాయ్?" అని అడగడం మా ఇంటి ఆచారమైపోయింది.

28 రోజులనుకున్న పని 51 రోజులు పట్టింది. ఇందులో మేస్త్రీల తప్పు తక్కువ, నా లెక్క తప్పు ఎక్కువ. సొరుగులు, తలుపులు తయారుకావడానికి చెప్పిన నాలుగు వారాలను నేను అడ్వాన్సు ఇచ్చిన రోజు నుంచి లెక్కపెట్టుకున్నాను. టైల్స్, గట్టు పూర్తయ్యాక తీసుకునే చివరి కొలతల తర్వాతే వాళ్ల నాలుగు వారాలు మొదలవుతాయి. ఆ 51 రోజులూ వెనక బాల్కనీలో ఒక ఇండక్షన్ పొయ్యి, రెండు బకెట్లు, కుక్కరుతో గడిపాము. సంక్రాంతి తర్వాత మొదలుపెట్టడం మాత్రం కలిసొచ్చింది. వానలు లేవు, ఆవకాయ రోజులకు గట్టు సిద్ధంగా ఉంది.

ఇక చెక్క సంగతి. తలుపుల వెనక ఉండే అరల, సొరుగుల పెట్టెలన్నిటికీ ఐఎస్ 710 ముద్ర ఉన్న, తడికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ వాడారు. సింకు కింద కూడా ఏడేళ్లుగా అవి గట్టిగా ఉన్నాయి. కానీ తలుపులకు నున్నగా మెరిసే పూత కావాలంటే ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన పలక) తప్పదని షోరూము వాళ్లు ఒప్పించారు. సింకు కింది రెండు తలుపుల అడుగు అంచులు మూడో వానాకాలానికే నీళ్లు పీల్చి అప్పడంలా ఉబ్బాయి. విప్పి చూస్తే, కంటికి కనబడని ఆ కింది అంచుకు పట్టీ అతికించనేలేదు. ఫోను చేస్తే వారంటీ ఏడాదేనన్నారు. ఈ వేసవిలో ఆ రెండింటినీ ప్లైవుడ్‌తో మార్పించడానికి మా వీధి వడ్రంగికి కొలతలు ఇచ్చాము. నాలుగు అంచులూ చేత్తో తడిమి చూసుకున్నాకే అతనికి మిగతా డబ్బు ఇస్తాను.