ఏటా దించే రేకు పెట్టె: మా ఇంట్లో నిలిచిన క్రిస్మస్ కథల పుస్తకాలు

మా పెద్దమ్మాయి బళ్ళో చేరకముందు మొదలైన అలవాటు ఇది. ఇప్పుడు తను పదో తరగతి, చిన్నవాడు మూడు. డిసెంబర్ రాగానే అటక మీద నుంచి రేకు పెట్టె దించుతాం, సంక్రాంతి లోపు మళ్ళీ ఎక్కించేస్తాం. మధ్యలో ఎంత బతిమాలినా తియ్యం. ఇన్నేళ్ళయినా ఆ పుస్తకాల మీద మోజు తగ్గకపోవడానికి ఈ నియమమే కారణమని నా నమ్మకం. ఏడాదంతా బీరువాలో కళ్ళెదుటే ఉంటే ఇంత ఆత్రం ఉండదు.

ఇన్నేళ్ళలో చాలా పుస్తకాలు వచ్చాయి, పోయాయి. నేను చూసేవి రెండే. పైకి చదువుతుంటే నోరు తిరగాలి. ఎన్నో ఏడు చదివినా చదివేవాళ్ళకి విసుగు రాకూడదు. బటన్ నొక్కితే పాట వచ్చేవి, తెరిస్తే బొమ్మలు లేచి నిలబడేవి ఈ లెక్కలో మొదటి ఏడాదే ఓడిపోయాయి. బ్యాటరీ అయిపోయాక ఆ పుస్తకంలో చదవడానికి ఏమీ మిగల్లేదు. లేచే బొమ్మలకి సెల్లో టేపు వెయ్యడంతోనే సరిపోయింది.

అన్నిటికంటే ఎక్కువ వాడింది రేమండ్ బ్రిగ్స్ వేసిన 'ది స్నోమాన్'. 1978 నాటిది. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో దొరికింది. ఇందులో కథ చెప్పే వాక్యమే ఉండదు, అంతా రంగు పెన్సిళ్ళతో వేసిన గడుల బొమ్మలు. మా అత్తయ్యకి ఇంగ్లీషు రాదు కాబట్టి మిగతావన్నీ నేనో మావారో చదవాలి. ఇది మాత్రం పూర్తిగా ఆవిడ సొత్తు. మంచుమనిషి రాత్రిపూట ఇంట్లోకి రావడం, లైటు వేసి ఆర్పి చూడటం, మంట సెగకి బెదిరిపోవడం, అన్నిటికీ గుంటూరు మాటలు పెట్టి చెప్తారు. అతను ఫ్రీజర్‌లో పడుకున్న బొమ్మ దగ్గరికి రాగానే "అమ్మయ్య, ఇప్పటికి ప్రాణం కుదుటపడిందిరా నాయనా" అంటారు. కథ ఏటా కాస్త మారుతుంది. "నానమ్మా, పోయినేడు ఇలా చెప్పలేదుగా" అని చిన్నవాడు నిలదీస్తే, "పోయినేడు నువ్వు చిన్నోడివి, అన్నీ చెప్తే నీకేం తెలుస్తాయిరా" అని తప్పించుకుంటారు.

చివర్లో తెల్లారి పిల్లవాడు బయటికొచ్చి చూస్తే కరిగిన మంచు మీద టోపీ, మఫ్లర్ మిగులుతాయి. మా పిల్లలిద్దరూ మొదటిసారి బావురుమన్నారు. దాన్ని నేను లోపంగా రాయను. మళ్ళీ వస్తాడులే అని మనం అతికించకుండా, ఆ బొమ్మ దగ్గరే కాసేపు ఉండనిస్తే చాలు. ఇంకో సంగతి, ఈ పుస్తకంలో క్రిస్మస్ ఊసే లేదు. క్రిస్మస్ తాతని 1982 టీవీ సినిమాలో చేర్చారు. సినిమా చూసి పుస్తకం కొన్నవాళ్ళకి ఆయన కనపడడు.

మావాళ్ళకి ఏ వివరణా అక్కర్లేకుండా అర్థమైనది బియాట్రిక్స్ పాటర్ 'ది టైలర్ ఆఫ్ గ్లాస్టర్'. 1903లో వచ్చింది. క్రిస్మస్ రోజు పొద్దున మేయరు గారి పెళ్ళి. ఆయన కోటు కుట్టాల్సిన పేద ముసలి దర్జీ జ్వరంతో పడిపోతాడు. పిల్లి టీ కప్పుల కింద దాచుకున్న ఎలుకల్ని ఆయన వదిలేశాడని దానికి కోపం. కాజాలకి తెచ్చిన ఎర్ర పట్టుదారం టీపాట్‌లో దాచేస్తుంది. ఎలుకలేమో రాత్రికి రాత్రి కోటంతా కుట్టేస్తాయి. ఒక్క కాజా మిగిలిపోతుంది, అక్కడ దారం అయిపోయిందని చిట్టి అక్షరాల్లో చీటీ. క్రిస్మస్ బట్టలు కుట్టడానికిచ్చిన ప్రతి తెలుగు ఇంటికీ ఇది తెలిసిన కథే. డిసెంబర్ సగం దాటాక ఏ టైలర్ దగ్గరికి వెళ్ళినా "ఎల్లుండి రండమ్మా, అంతా అయిపోయింది, కాజాలే మిగిలాయి" అనే మాటే. మా చిన్నవాడు ఒకసారి షాపులో నిలబడి "మీకు ఎలుకలు లేవా అంకుల్?" అని అడిగాడు. ఆయన ఉన్నాయనే అనుకుని, గుడ్డలు భద్రంగానే ఉన్నాయని మాకు నచ్చజెప్పాడు.

పుస్తకం మరీ చిన్నది. చేతిలో ముచ్చటగా ఇముడుతుంది గానీ ముగ్గురు కలిసి చూడాలంటే తలలు ఢీకొంటాయి. పాతకాలపు పొడుగు వాక్యాలు, ఆరేళ్ళ లోపు పిల్లలకైతే తెలుగులో చెప్తూ మధ్యమధ్య చదవాలి.

మంచం మీద అందరం పడుకుని చూడ్డానికి 'ది పోలార్ ఎక్స్‌ప్రెస్' బాగుంటుంది. క్రిస్ వాన్ ఆల్స్‌బర్గ్ రాసి బొమ్మలు కూడా తనే వేసిన పుస్తకం, 1985లో వచ్చింది, మరుసటి ఏడు అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ మెడల్ తెచ్చుకుంది. అడ్డంగా పెద్ద సైజు, ఒక్క విడతలో చదవడం అయిపోతుంది. మాది పేపర్‌బ్యాక్, వీపు ఊడిపోయి బైండింగ్ చేయించాల్సి వచ్చింది. కొంటే గట్టి అట్టదే కొనండి. దీంట్లో కథంతా శాంతా, అంటే క్రిస్మస్ తాత, ఇచ్చిన గంట చుట్టూ తిరుగుతుంది. నమ్మినవాళ్ళకే ఆ గంట వినిపిస్తుంది, అమ్మానాన్నలకి వినపడదు. మా చర్చిలో కొందరికి ఇది నచ్చలేదు. మాకు శాంతా అంటే ఇంటింటికీ పాటలు పాడుతూ తిరిగే కేరల్స్ వాళ్ళ వెంట వచ్చి చాక్లెట్లు విసిరే వేషగాడు, పండగ మాత్రం ఏసయ్య పుట్టినరోజు. నాకూ మొదట్లో ఆ సందేహం ఉండేది. పిల్లలు రెండిటినీ కలిపేసుకోలేదు. 24 రాత్రి లూకా సువార్త రెండో అధ్యాయం తెలుగు బైబిల్లోంచి వాళ్ళ నాన్న చదువుతారు, ఆ రాత్రి పెట్టె ముట్టుకోం.

డిసెంబర్ ఒకటి నుంచి 24 దాకా రోజుకో పుస్తకం కాగితంలో చుట్టి పెట్టే పద్ధతి చాలామంది మెచ్చుకుంటారు. మా ఇంట్లో అది సాగలేదు. పిల్లల ధ్యాసంతా కాగితం చింపడం మీదే, కథ మొదలయ్యేసరికి రేపటి పొట్లం ఏదా అని చూపు. పైగా డిసెంబర్ సగం నుంచి కేరల్స్ వాళ్ళు ఏ అర్ధరాత్రి తలుపు కొడతారో తెలీదు, పిండివంటలు ఒకపక్క. మాకు నచ్చింది ఐస్‌లాండ్ వాళ్ళ పద్ధతి. అక్కడ క్రిస్మస్ ముందు రాత్రి పుస్తకాలు కానుకగా ఇచ్చుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధపు కొరతలో మిగతా సరుకులు దొరక్కపోయినా కాగితం దొరికేది కాబట్టి పుస్తకమే కానుకైంది. 1944 నుంచి కొత్త పుస్తకాల జాబితా కూడా అచ్చేస్తున్నారు. మేం ఏటా ఒక్క కొత్తది, ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే బుక్ ఫెయిర్‌లో పిల్లలే ఎంచుకున్నది, పెట్టెలో చేరుస్తాం. మిగతా రాత్రులు పాతవే. కజ్జికాయలు చేసే రోజున మాత్రం పెద్దమ్మాయి వంటింటి గడప మీద కూర్చుని చదువుతుంది, మేం అంచులు నొక్కుతూ వింటాం.

ఒక వెలితి మాత్రం తీరలేదు. ఎటు చూసినా మంచు, పొగగొట్టం, టర్కీ కోడి. వాకిట్లో వేలాడే కాగితపు నక్షత్రం, అరిసెలు, తెల్లవారుజాము ఆరాధనకి చలిలో వెళ్ళడం, ఇవి ఉన్న మంచి బొమ్మల కథ తెలుగులో మాకు ఇంతవరకూ దొరకలేదు. దొరికినవి సండే స్కూల్లో రంగులు వేసుకునే పుస్తకాలే. ఆ ఖాళీని అత్తయ్య నోటిమాటే పూడుస్తోంది.

డికెన్స్ 'ఎ క్రిస్మస్ కేరల్' ఆలస్యంగా చేరింది. 1843 డిసెంబర్ 19న వెలువడిన పుస్తకం ఇది, అయిదు భాగాలు. మేమూ 19నే మొదలుపెట్టి రాత్రికో భాగం చొప్పున 23కి ముగిస్తాం. మూడో భాగం బాగా పొడుగు, ఆ రోజు అన్నాలు తొందరగా కానివ్వాలి. గుమాస్తా బాబ్ క్రాచిట్ ఒక్క బొగ్గు ముక్కతో చలి కాచుకునే చోట మా అమ్మాయికి అతని పిసినారి యజమాని స్క్రూజ్ మీద ఒళ్ళు మండింది. దెయ్యాలు వచ్చి ఎంత మార్చినా, "జీతం పెంచాడా లేదా అది చెప్పమ్మా" అంటూ చివరిదాకా వదల్లేదు. పెంచాడని విన్నాకే పడుకుంది.

పెట్టెలో ఎండిన వేపాకు వేస్తాం, పురుగు పట్టలేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు, ఇంట్లో నానమ్మో అమ్మమ్మో ఉంటే ముందు 'స్నోమాన్' కొని ఆవిడ చేతికివ్వండి. డికెన్స్‌ని పిల్లలు ఏడో తరగతికి వచ్చేదాకా ఆపండి, కుదించిన పుస్తకాలు కూడా అప్పటిదాకా వద్దు. కథ ముందే తెలిసిపోతే మొదటి రాత్రి తలుపు తట్టే కడియం మీద, స్క్రూజ్‌తో కలిసి వ్యాపారం చేసి చనిపోయిన మార్లీ మొహం కనపడ్డప్పుడు కలగాల్సిన భయం కలగదు.