గోస్తని వెంట భీమిలి నుంచి బొర్రా దాకా: ఐదేళ్ళు మౌంటెన్ బైక్ తొక్కాక

విశాఖపట్నంలో సైకిలు తొక్కేవాళ్ళను మంచి కొండ రూటు ఏదని అడిగితే ముందు వచ్చే జవాబు అరకు ఘాట్. నేనూ మొదటి ఏడాది అక్కడే మొదలుపెట్టాను. ఐదేళ్ళుగా అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు నెలకు రెండుసార్లయినా ఆ వైపు వెళ్ళి వస్తున్నాను. ఇప్పుడు నన్నడిగితే, మౌంటెన్ బైక్ ఉన్నవాళ్ళు పట్టుకోవలసింది గోస్తనీ నదిని అంటాను. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల అడుగున పారి, తాటిపూడి జలాశయంలో నిలిచి, జామి, పద్మనాభం వైపు నుంచి వచ్చి భీమిలి దగ్గర సముద్రంలో కలిసే చిన్న నది అది. దాన్ని ముక్కలు ముక్కలుగా పై నుంచి కింద దాకా తొక్కాను. ఏ ముక్క ఎలా ఉంటుందో, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో రాస్తున్నాను.

నాది ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న సైకిలు. 29 అంగుళాల చక్రాలు, డిస్క్ బ్రేకులు. ఈ దారులకు అది చాలు. వెనక కూడా సస్పెన్షన్ ఉంటే బాగుండేదని అనిపించింది బొర్రా దగ్గరున్న కటికి జలపాతం దారిలో ఒక్కచోటే.

భీమిలి నుంచి పద్మనాభం దాకా పెద్దగా ఎత్తుపల్లాలు లేవు. తాటిచెట్లు, జీడిమామిడి తోటలు, మధ్యమధ్య ఎర్రమట్టి దారులు. మట్టి మీద తొక్కడం అలవాటు లేనివాళ్ళు ఇక్కడ నేర్చుకోవచ్చు. పద్మనాభంలో మాత్రం సైకిలు కింద పెట్టి, అనంత పద్మనాభస్వామి కొండ మెట్లెక్కండి. 1794లో విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి ప్రాణాలు వదిలింది ఈ ఊళ్ళోనే. పైన నిలబడి చూస్తే మనం వచ్చిన దారి ఎంత చదునుగా ఉందో, ముందున్న కొండలు ఎంత గట్టివో ఒక్కసారిగా తెలుస్తుంది.

ఈ ముక్కలో నన్ను బాగా వేధించింది తుమ్మముల్లు. మొదటి ఏడాది ఒకే ఉదయం మూడు పంక్చర్లు పడ్డాయి. ట్యూబులు తీసేసి ట్యూబ్‌లెస్‌కి మారాక ఆ టెన్షన్ పోయింది. మారలేకపోతే రెండు ట్యూబులైనా వెంట ఉంచుకోండి.

తాటిపూడి దగ్గర నుంచి అసలు లోయ మొదలవుతుంది. 1960ల్లో కట్టిన జలాశయం ఇది, విశాఖకు తాగునీళ్ళు కూడా ఇక్కడి నుంచే వస్తాయి. చాలామంది ఆనకట్ట మీద ఫొటోలు దిగి వెనక్కి వెళ్ళిపోతారు. నాకు నచ్చింది దిగువన పొలాలకు పోయే కాలువ గట్లు. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క వరిచేను, మధ్యలో సైకిలు హ్యాండిల్ పట్టేంత దారి. నవంబరు చివర్లో కోతలు మొదలైతే గట్టు మీద పనలు మోసుకొచ్చేవాళ్ళు ఎదురవుతారు. అప్పుడు మనం దిగి పక్కకి నిలబడాలి. బరువు మోసేవాళ్ళను ఆపి మనం పోవడం తప్పు. నాతో వచ్చినవాళ్ళకు ముందే చెప్పేది ఇదొక్కటే. ఇలా ఆగి దారి ఇచ్చినందుకే ఒకాయన నాకు ఇంకో దారి చెప్పాడు. మామిడితోట లోంచి సరాసరి జలాశయం ఒడ్డుకు తీసుకెళ్ళే దారి అది. ఫోనులో మ్యాపు చూస్తే ఇప్పటికీ కనపడదు.

ఇక ఘాట్. శృంగవరపుకోట దాటి బొడ్డవర నుంచి ఎక్కుడు మొదలవుతుంది. అనంతగిరి చేరడానికి నాకు ఎప్పుడూ రెండున్నర గంటలకు తక్కువ పట్టలేదు. శ్రమ ఉంది, చల్లగాలి ఉంది, దముకు వ్యూపాయింట్ దగ్గర లోయ చూడటానికి రెండు కళ్ళూ చాలవు. కానీ శని, ఆదివారాల్లో, ముఖ్యంగా డిసెంబరు, జనవరిల్లో వెళ్ళొద్దనే చెబుతాను. ప్రతి వంపులో కార్లు, టూరిస్టు బస్సులు. పొగమంచులో అవి హారన్ కొట్టేదాకా కనపడవు. వారం మధ్యలో తెల్లవారుజామున వెళ్తే అదే రోడ్డు వేరేలా ఉంటుంది.

ఎక్కడం కన్నా దిగడం ప్రమాదం. రెండో ఏడాది, బయల్దేరే ముందు రోజు సర్వీసింగ్‌కి ఇస్తే బ్రేక్ ప్యాడ్లు మార్చామన్నారు. మార్చలేదు. అనంతగిరి నుంచి దిగుతుంటే ఒక వంపులో వెనక బ్రేకు లివర్ హ్యాండిల్‌కి తగిలేదాకా వచ్చేసింది, సైకిలు మాత్రం ఆగడం లేదు. కాలిన వాసన. ఎదురుగా బస్సు. కొండ వైపు కంకరలోకి తిప్పి పడిపోయాను. మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం లేచిపోయింది. ఆ తర్వాత నుంచి ప్యాడ్లు నేనే విప్పి చూస్తాను. దిగేటప్పుడు బొడ్డవర లోపు మూడుచోట్ల ఆగుతాను. డిస్క్ కాలుతోంది కదా అని నీళ్ళు పోయకండి, వంకర పోతుంది. దానంతట అదే చల్లారాలి.

ఇంతకీ ఈ ఐదేళ్ళలో నన్ను మళ్ళీ మళ్ళీ రప్పించింది బొర్రా నుంచి కటికి జలపాతం దాకా ఉన్న దారి. నాలుగైదు కిలోమీటర్లే. జీపులు తిరిగి తిరిగి తవ్వేసిన రాళ్ళ బాట. కొబ్బరికాయంత రాళ్ళు, వాటి మధ్య ఎర్రమన్ను, పై నుంచి కారే ఊట. ఇక్కడ టైర్లలో గాలి తగ్గించాలి. నా బరువు 70 కిలోలు, ముందు టైరుకు 22, వెనక 25 పీఎస్ఐ ఒత్తిడిలో గాలి పెడతాను. అంతకన్నా ఎక్కువ పెడితే చక్రం రాయి మీద నుంచి ఎగిరి పక్కకి జారుతుంది. సీటు కిందికి దించి, మోకాళ్ళు వదులుగా ఉంచి, చూపు చక్రం దగ్గర కాకుండా రెండు నిలువుల ముందు పెట్టండి. నాకు ఇది ఒంటబట్టడానికి రెండు సీజన్లు పట్టింది.

ఈ కొండల్లోనే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం పోతుంది. బైలడిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన లైను. లోయ మలుపులో తొక్కుతూ ఉండగా గూడ్సు బండి సొరంగంలోకి దూరితే ముందు చప్పుడు ఆగినట్టు అవుతుంది, కాసేపటికి కొండ అవతల నుంచి మళ్ళీ వినపడుతుంది. ఎన్నిసార్లు విన్నా ఆగి నిలబడిపోతాను. మార్చిలో నాలుగు చినుకులు పడ్డాక వెళ్తే కాఫీ తోటలన్నీ తెల్లటి పూతతో ఉంటాయి. మల్లెపూల వాసన. సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగల నీడలో ఆ వాసన పీల్చుకుంటూ తొక్కడం కోసమే ఒకసారి సెలవు పెట్టి వెళ్ళాను.

బాధ కలిగించేది జలపాతం దగ్గర చెత్త. నీళ్ళ సీసాలు, చిప్స్ కవర్లు బండల సందుల్లో ఇరుక్కుని ఉంటాయి. వానలొస్తే అవన్నీ గోస్తనిలోనే కొట్టుకుపోతాయి, తాటిపూడి చేరతాయి. అది మనం తాగే నీళ్ళు. వెళ్ళిన ప్రతిసారీ ఒక సంచి నింపుకుని వస్తాను, మీరూ ఒక ఖాళీ సంచి పట్టుకెళ్ళండి.

బొర్రా నుంచి పైకి, అరకు వైపు గురించి తక్కువే చెబుతాను. వలిసె పూల రోజుల్లో అరకు నుంచి చాపరాయి దాకా తొక్కితే రోడ్డుకు రెండు పక్కలా పసుపే. కుటుంబంతో వెళ్ళేవాళ్ళకు బాగుంటుంది. నాకు మట్టిదారి లేని లోటు తెలుస్తుంది. ఒక్కరోజే చేతిలో ఉంటే సైకిలు బండి మీద కట్టుకుని నేరుగా బొర్రా వెళ్ళిపోండి. ఘాట్ ఎక్కలేదని ఏమీ అనుకోకండి, ఒంట్లో బలం కటికి దారికి దాచుకోండి.

గడిచిన నవంబరులో కటికి నుంచి వెనక్కి వస్తుంటే మేకలు కాస్తున్న ఒక పెద్దాయన ఆపాడు. "ఎప్పుడూ ఈ దారేనా బావూ? గెడ్డ దాటితే అవతల మా ఊరి దారుంది. సైకిలు మాత్రం బుజానికెత్తుకోవాల" అన్నాడు. ఆయన వెనకే ఆ వాగులోకి దిగాను. నీళ్ళు మోకాలి దాకా వచ్చాయి. అడుగున రాళ్ళు పాచిపట్టి ఉన్నాయి, ఒక్కో అడుగూ పాదంతో తడుముకుని వేయాల్సి వచ్చింది. ఆయన ఒడ్డున నిలబడి ఎక్కడ కాలు పెట్టాలో చేత్తో చూపించాడు. అవతల చోడి (రాగి) చేలో కోతలు నడుస్తున్నాయి. చేను అంచు వెంట మనిషి నడిచేంత మెత్తటి దారి, ఒక్క రాయి లేదు, ఎక్కుడు కూడా తెలియనంత నెమ్మదిగా ఉంది. ఊరి దాకా తొక్కాను. అక్కడ ఒక ఇంట్లో అమ్మ సొరకాయ బుర్రలోంచి వంచి ఇచ్చిన చోడి అంబలి తాగి, చీకటి పడకముందే గెడ్డ దాటాలని వెనక్కి తిరిగాను.