వైఫై భయానికి మూడొందల వైద్యం: అరండల్‌పేట రౌటర్ షాపు

మాది గుంటూరు బ్రాడీపేటలో చిన్న టాక్స్ ఆఫీసు. మిర్చి యార్డు కమీషన్ వ్యాపారుల జీఎస్టీ రిటర్నులు, పాన్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ మా దగ్గరే ఉంటాయి. "వైఫై ఎన్‌క్రిప్షన్‌లోనే లోపాలున్నాయటమ్మా, మా లెక్కలు భద్రమేనా?" అని ఒక క్లయింటు గారు పట్టుకున్నారు. ఆఫీసు రౌటరూ, ఇంటి రౌటరూ సంచిలో వేసుకుని అరండల్‌పేటలో ఈ షాపుకెళ్ళాను.

సీసీ కెమెరాల డబ్బాల మధ్య ఇరుకు కౌంటరు. అక్కడి కుర్రాడు ఆఫీసు రౌటర్‌ను లాప్‌టాప్‌కి తగిలించి చూశాడు. కొత్తది అంటగడతాడనుకున్నా. "కంపెనీ దీనికింకా అప్‌డేట్లు ఇస్తోంది మేడమ్, మార్చక్కర్లేదు" అన్నాడు. అప్‌డేట్ ఎక్కించి, సెట్టింగులు సరిచేసి 300 తీసుకున్నాడు.

క్లయింటు గారి భయం ఉత్తదేం కాదు. 2017లో బెల్జియం పరిశోధకుడు మాతీ వాన్‌హోఫ్, వైఫైలో డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి డబ్ల్యూపీఏ2లో క్రాక్ అనే లోపం బయటపెట్టాడు. ఫోనూ రౌటరూ కలిసేటప్పుడు నాలుగు మెసేజీలు నడుస్తాయి. దొంగ మూడోదాన్ని మళ్ళీ పంపితే, ఫోను అప్పటికే వాడిన ఎన్‌క్రిప్షన్ కీని మొదటినుంచి వాడటం మొదలుపెడుతుంది, దాంతో మన డేటా కొంత వాడు చదివే వీలుంటుంది. తప్పు ఏ ఒక్క కంపెనీదో కాదు, అందరూ పాటించే వైఫై ప్రమాణంలోనే ఉంది. కానీ దొంగ మన వైఫై అందే దూరంలో ఉండాలి. పాస్‌వర్డు వాడి చేతికి రాదు. ఫోనుకీ రౌటరుకీ అప్‌డేట్ ఎక్కిస్తే ఆ దారి మూసుకుపోతుంది. పైగా బ్యాంకు, యూపీఐ యాప్‌లు తమ డేటాను వేరేగా ఎన్‌క్రిప్ట్ చేసే పంపుతాయి.

వాన్‌హోఫ్ ఊరుకోలేదు లెండి. 2019లో మరో పరిశోధకుడు ఎయాల్ రోనెన్‌తో కలిసి, డబ్ల్యూపీఏ2 తర్వాత వచ్చిన డబ్ల్యూపీఏ3లోనూ లోపాలు చూపించాడు. 2021లో ఫ్రాగ్‌అటాక్స్ అనే పేరుతో బయటపెట్టినవాటిలో కొన్ని లోపాలు 1997 నుంచీ వైఫైలో ఉన్నవే! అంచేత డబ్బా మీద డబ్ల్యూపీఏ3 అని చూసి మురిసిపోకండి. అప్‌డేట్లు ఎన్నేళ్ళిస్తారని అడగండి. స్పీడు లెక్కలు తర్వాత.

అసలు గండం ఇంటి రౌటర్‌లో ఉంది. నెట్ కనెక్షన్‌తో పాటు వచ్చింది. అప్‌డేట్లు ఆగిపోయి ఏళ్ళయింది. వాళ్ళ టెక్నీషియన్ పెట్టి వెళ్ళిన పాస్‌వర్డు మా ఫోన్ నంబరు. ఆ నంబరు మా ఆఫీసు బోర్డు మీద మూరెడు అక్షరాల్లో ఉంటుంది! దానికి తోడు, పాస్‌వర్డు లేకుండా పిన్‌తోనే వైఫైకి కలిపే డబ్ల్యూపీఎస్ ఆన్‌లో ఉంది. ఎనిమిదంకెల పిన్ కదా, ఎవరు ఊహిస్తారు అనుకుంటాం. రౌటర్ మొదటి నాలుగంకెలు సరిపోయాయో లేదో విడిగా చెప్పేస్తుంది, చివరి అంకె ముందువాటి నుంచి లెక్కకట్టేదే. మహా అయితే 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుంది. ఇది 2011లోనే బయటపడింది. మన వీధిలో ఇళ్ళకు దొంగ రావాలంటే కొత్త పరిశోధనలు చదవాల్సిన పనే లేదు.

దాన్ని మార్చక తప్పలేదు. కొత్తది 2,400 అయింది. డబ్ల్యూపీఎస్ ఆపి, పొడుగాటి పాస్‌వర్డు నా చేతే కొట్టించాడు, తను అటు తిరిగి నిలబడ్డాడు. ఆ పద్ధతి నాకు నచ్చింది.

సాయంత్రాలు వెళ్తే నిలబడాలి, బండి పెట్టే చోటుండదు. అయిదుకి నాలుగు చుక్కలే ఇస్తున్నాను. జీఎస్టీ బిల్లు రెండుసార్లు అడిగితేగానీ ఇవ్వలేదు, అదీ నాకు!