అటక ఉన్న కుందేళ్ల కేజ్: ఏడాది వాడిన అనుభవం

కుందేళ్ల పెంపకం కోసం అమ్మే కేజ్‌లలో చాలావాటి ఎత్తు ఒకటిన్నర అడుగులకు మించదు. అందులో కుందేలు తినగలదు, పడుకోగలదు, ఈనగలదు. వెనక కాళ్ల మీద లేచి చెవులు నిక్కించి చుట్టూ చూడటం మాత్రం దానికి కుదరదు. ఏడాది క్రితం ఈ ఆరు గదుల సెట్టును కొనడానికి మొదటి కారణం దాని ఎత్తే. ఒక్కో గది 75 సెంటీమీటర్ల ఎత్తుండి, లోపల ఒక పక్కన చిన్న అటకతో వస్తుంది. గాల్వనైజ్డ్ తీగ, కింద వాలు ట్రే, నిపుల్ నీటి గొట్టం, దాణా డబ్బా, ఈనే పెట్టె అన్నీ సెట్టులోనే ఉన్నాయి.

అన్నిటికంటే ముందు నేల గురించి చెప్పాలి. తీగ నేల మీద పెంటికలూ మూత్రమూ జాలీలోంచి కిందికి జారిపోతాయి కనుక, పెంటికల ద్వారా అంటుకుని పిల్లలను ఎక్కువగా బలిగొనే కాక్సిడియోసిస్ అనే పరాన్నజీవి జబ్బు వ్యాప్తి తగ్గుతుంది. అయితే కుక్కకూ పిల్లికీ ఉన్నట్టు కుందేలు అరికాలికి మెత్తటి దిండు ఉండదు, బొచ్చు ఒక్కటే ఆసరా. నాలుగైదు కిలోల తల్లి బరువంతా సన్నటి తీగ మీద మోపితే ఆ బొచ్చు అరిగి, చర్మం ఎర్రబడి, చివరికి పుండు పడుతుంది. పాత కేజ్‌లో మేత తగ్గించి, మగదాన్ని దగ్గరికి రానివ్వని ఒక తల్లిని మొండిదనుకున్నాను. ఒకరోజు వెల్లకిలా తిప్పి చూస్తే రెండు మడమల మీదా బొటనవేలి గోరంత మేర బొచ్చే లేదు, పచ్చి చర్మం మెరుస్తోంది. అన్ని రోజులు దాన్ని అలా వదిలేసినందుకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఈ సెట్టుతో ఇచ్చే చిల్లుల ప్లాస్టిక్ పలకను నేలలో సగం మేర పరిచాక ఆ పుండ్లు మానాయి, కొత్త బొచ్చు వచ్చింది, ఆ తర్వాతే అది చూలు కట్టింది. పలకను వారానికోసారి తీసి కడిగి ఎండబెట్టకపోతే చిల్లుల్లో పెంటికలు ఇరుక్కుని, తీగ నేల వల్ల వచ్చిన మేలంతా పోతుంది.

అటక తల్లికి నిజంగా పనికొస్తుంది. కుందేలు సాధారణంగా రోజుకొక్కసారి, అదీ కొద్ది నిమిషాలే పాలిస్తుంది. పెట్టె దాటి తిరగడం నేర్చిన పిల్లలు మాత్రం అస్తమానం పొట్ట కింద దూరబోతాయి. అప్పుడు తల్లి పైకెక్కి ఒళ్లు చాపుకుని పడుకుంటుంది. అటక కూడా జాలీయే కావడంతో పైన పోసిన మూత్రం కింద ఉన్నవాటి మీద పడటం ఇందులో లోపం.

అసలు తప్పు ఈనే పెట్టెలో జరిగింది. దాని గడప 8 సెంటీమీటర్లే. తల్లి తన పొట్ట మీది బొచ్చు పీకి ఎంత వెచ్చటి పక్క వేసినా, చన్ను వదలని పిల్ల తల్లితోపాటే వేలాడుతూ బయటికొచ్చి తీగ మీద పడుతుంది. పిల్లిలా నోట కరుచుకుని తిరిగి గూట్లో పెట్టే అలవాటు కుందేలుకు లేదు. మొదటి ఈతలోనే రెండు పిల్లలు తెల్లవారేసరికి చల్లబడిపోయాయి. తయారీదారుకు రాస్తే జవాబు రాలేదు. గడపకు చెక్క బిగించి 15 సెంటీమీటర్లకు పెంచాక మళ్లీ ఆ నష్టం జరగలేదు.

సెట్టుపై సెట్టు పేర్చుకోవచ్చని అమ్మేవారు చెబుతారు, నేనైతే ఒక్క వరుసతోనే ఆగాను. ట్రేలో మూత్రం నిలిస్తే లేచే అమోనియా కుందేళ్ల ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, తుమ్ములూ ముక్కు కారడమూ మొదలవుతాయి. పైగా కుందేలు చెమట పట్టి చల్లబడే జంతువు కాదు, ఒంటి వేడి చాలావరకు చెవుల ద్వారా పోవాలి. వేడి 30 డిగ్రీలు దాటితే మేత తగ్గుతుంది, మగవాటి వీర్యమూ దెబ్బతింటుంది. నాలుగు వైపులా తీగ గోడలున్న ఈ గదుల్లో గాలి బాగా ఆడుతుంది, కానీ పేర్చితే ఆ సుగుణం ఉండదు.

కొనదలచినవారు ఈనే పెట్టె లేకుండా సెట్టు ఇస్తారేమో అడగండి. ఇవ్వకపోతే కుందేలును మగదానితో జత కట్టించిన 28వ రోజుకల్లా గడప ఎత్తు పెంచి, ఎండుగడ్డి పరిచి, పెట్టెను గదిలో ఉంచండి.