వెర్మాంట్‌లో ‘న్యూహార్ట్’ సత్రం: ఎవరు ఎక్కడ దిగితే మంచిది

‘న్యూహార్ట్’ సీరియల్ 1982 అక్టోబరు నుంచి 1990 మే దాకా అమెరికా టీవీ చానెల్ సీబీఎస్‌లో 184 ఎపిసోడ్లు నడిచింది. న్యూయార్క్ వదిలి వచ్చి వెర్మాంట్ పల్లెలో పాత సత్రం నడిపే డిక్ లౌడన్, జొఆనా దంపతుల కథ అది. దాని అభిమానులు ముందుగా తెలుసుకోవాల్సింది ఒకటుంది: కథలోని స్ట్రాట్‌ఫర్డ్ ఇన్ అనే సత్రం వెర్మాంట్‌లో వెతికినా దొరకదు. సీరియల్‌లో బయటినుంచి కనిపించే భవనం ఈస్ట్ మిడిల్‌బరీలోని వేబరీ ఇన్. లోపలి దృశ్యాలన్నీ లాస్ ఏంజెలెస్ స్టూడియోలో తీశారు. ఆ మెట్లూ, ఆ రిసెప్షన్ బల్లా, లారీ, డారిల్ అనే ఒకే పేరున్న అతని ఇద్దరు తమ్ముళ్లూ వచ్చి నిలబడే ఆ హాలూ అక్కడ కనబడతాయని వెళ్తే నిరాశే. వాకిలి, వరండా చూడటానికి అరగంట చాలు. అయినా అక్కడ రెండు రాత్రులు ఉండమనే చెప్తాం. ఎందుకంటే అసలు సంపద ఆ సత్రం ముందునుంచి కొండెక్కే 125వ నంబరు రోడ్డు మీద ఉంది.

జీపీఎస్‌లో పేరు కొట్టేటప్పుడు జాగ్రత్త. వాటర్‌బరీ వేరు, వేబరీ వేరు. వాటర్‌బరీ ఐస్‌క్రీమ్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు. మిడిల్‌బరీ అనే ఊరు కనెక్టికట్‌లోనూ ఉంది. ‘ఈస్ట్ మిడిల్‌బరీ, వెర్మాంట్’ అని పూర్తిగా కొట్టండి. బాస్టన్ వైపు నుంచి దారిలో ఆగకుండా వస్తే సుమారు మూడున్నర గంటలు, న్యూజెర్సీ ఎడిసన్ వైపు నుంచి ఐదు గంటల పైమాటే. బర్లింగ్టన్ విమానాశ్రయం నుంచి గంట లోపు. 2022 జూలై నుంచి న్యూయార్క్ రైలు మిడిల్‌బరీలో ఆగుతోంది కానీ రోజుకు ఒక్కటే. అది మధ్యాహ్నం బయల్దేరి రాత్రికి గానీ చేరదు. ఆ వేళ స్టేషన్ నుంచి సత్రానికి ఐదు మైళ్లు తీసుకెళ్లే బండి దొరుకుతుందన్న నమ్మకం లేదు. కాబట్టి కారు ఉండాల్సిందే.

వేబరీ భవనం 1810 నాటిది, అప్పట్లో గుర్రపు బగ్గీల మజిలీ. అంత పాత చెక్క కట్టడాల్లో ఒక గది ఉన్నట్టు ఇంకోటి ఉండదు. అడుగు వేస్తే నేల కిర్రుమంటుంది, పక్క గది మాటలు వినబడతాయి. మేడ మీదికి మెట్లే దిక్కు. అందుకే గది బుక్ చేసేముందు ఫోన్ చేసి నాలుగు సంగతులు అడగండి: గది ఏ అంతస్తులో ఉంది, స్నానానికి షవరా తొట్టా, ఏసీ ఉందా, పొద్దున టిఫిన్ అద్దెలో కలిసిందా. చీకటి పడ్డాక చేరేటట్టయితే తాళం ఎక్కడ పెడతారో కూడా కనుక్కోండి. ఇలాంటి చిన్న సత్రాల్లో రాత్రంతా డెస్క్ దగ్గర మనిషి ఉండడు. అద్దె మీద రాష్ట్రపు పన్ను 9 శాతం, కొన్ని ఊళ్లలో మరో శాతం కలుస్తుంది. ఆకులు రంగు మారే ఫాల్ కలర్స్ రోజుల్లో శని, ఆదివారాల్లో ఈ చుట్టుపక్కల చాలాచోట్ల రెండు రాత్రులకు తక్కువ ఇవ్వరు. రద్దు గడువు కూడా చైన్ హోటళ్లకన్నా ముందే ముగుస్తుంది. మే చివర్లో మిడిల్‌బరీ కాలేజీ పట్టాల పండగప్పుడు గదులు దొరకడం మరీ కష్టం.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు వెంట ఉంటే మిడిల్‌బరీ ఊళ్లోని చైన్ హోటలే మేలు. లిఫ్టు, గదిలో ఫ్రిజ్ ఉన్నాయో లేదో మాత్రం అడిగి తీసుకోండి. పాతకాలపు కళ కావాలి, నడిచి వెళ్లేంత దూరంలో షాపులూ ఉండాలి అనుకుంటే ఊరి పచ్చిక మైదానం పక్కన 1827 నుంచి ఉన్న మిడిల్‌బరీ ఇన్ చూడండి. దంపతులిద్దరే వెళ్తే వేబరీ. శాకాహారులు పులిహోర, పెరుగన్నం కూలర్‌లో పెట్టుకుంటే నిశ్చింత. పాత సత్రం గదిలో మాత్రం కుక్కర్, స్టవ్ బయటికి తీయకండి. తాలింపు పొగకే అలారం మోగుతుంది, పైగా కట్టడమంతా చెక్క.

ఇక రోడ్డు సంగతి. కారులో గ్యాస్ ఊళ్లోనే నింపుకోండి, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, కొండ దారిలోని రిప్టన్ ఊరు దాటాక ఫోన్ సిగ్నల్ నిలకడగా ఉండదు. సత్రం నుంచి ఆరు మైళ్లలో అమెరికన్ కవి రాబర్ట్ ఫ్రాస్ట్ పేరిట ఉన్న నడకదారి వస్తుంది. మొత్తం మైలు పైచిలుకు, మధ్యమధ్య ఆయన పద్యాల పలకలు ఉంటాయి. మొదటి కొంత భాగం చక్రాల కుర్చీకీ వీలుగా చదునుగా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లను నిస్సంకోచంగా తీసుకెళ్లండి. ఫ్రాస్ట్ 1939లో రిప్టన్‌లో పొలం కొని చివరిదాకా వేసవులు అక్కడే గడిపాడు. అదే దారిలో ముందుకెళ్తే మిడిల్‌బరీ కాలేజీ వారి బ్రెడ్ లోఫ్ ఆవరణ, స్నో బౌల్ స్కీ కొండ, 2,100 అడుగులు దాటిన మిడిల్‌బరీ గ్యాప్ కనుమ, దిగువన హాంకాక్ దగ్గర టెక్సాస్ ఫాల్స్. ఆ జలపాతం చూడటానికే, ఈతకు కాదు.

వెనక్కి అదే దారిలో రాకండి. హాంకాక్‌లో 100వ రోడ్డెక్కి రోచెస్టర్, అక్కడ 73వ రోడ్డు మీద బ్రాండన్ గ్యాప్, ఆపైన 7వ రోడ్డు మీదుగా సత్రం చేరితే సుమారు 50 మైళ్ల చుట్టు. ఆగుతూ వెళ్తే పూటంతా పడుతుంది. ఆకుల రంగులు కనుమల్లో సెప్టెంబరు చివరికే ఎక్కుతాయి, కింద లోయలో అక్టోబరు రెండో వారానికి. అందుకని అక్టోబరు మొదటి వారం, అదీ సోమవారం నుంచి గురువారం మధ్య వెళ్తే కొండమీదా కిందా రెండూ అందుతాయి, గది కూడా సులువుగా దొరుకుతుంది. మార్చి చివరి నుంచి మే దాకా బురద కాలం, అప్పుడు కొండల్లోని కాలిబాటల మీద నడవనివ్వరు. చలికాలంలో ఉత్తరాన ఉన్న లింకన్ గ్యాప్ కనుమ రోడ్డు మూసేస్తారు, జీపీఎస్ అటు చూపించినా పోవద్దు. భారీ వాన పడితే కొండ దిగేముందు రోడ్ల స్థితి చూసుకోండి. 2011 ఆగస్టులో ఐరీన్ తుపాను వరదలకు రోచెస్టర్‌కు దారులన్నీ తెగిపోయాయి.