టోకొనామె కూజాల కోసం ఆరు రోజులు

గ్రీన్ టీ కోసం జపాను వారు వాడే చిన్న మట్టి కూజాను క్యూసు అంటారు. మన కొమ్ముచెంబుకు పక్కగా ఒక బోలు పిడి అతికించినట్టు ఉండే ఈ పాత్రలో సాధారణంగా రెండు మూడు వందల మిల్లీలీటర్ల నీరు పడుతుంది. నాలుగేళ్ళుగా వీటిని పోగుచేస్తున్నా, చేసిన ఊరికి వెళ్ళి, చేతిలోకి తీసుకుని చూసి కొన్నది ఒక్కటీ లేదన్న వెలితి ఉండేది. మా తమ్ముడు ఉద్యోగరీత్యా నాగోయాలో ఉంటున్నందున, గత నవంబరులో ఆరు రోజులు వీలుచేసుకుని క్యోటో, ఉజి, టోకొనామె, యొక్కాయిచి చూసి వచ్చాను. ఈ నాలుగింటిలో ఎక్కడ చూడాలి, ఎక్కడ తాగాలి, ఎక్కడ కొనాలి అన్నవి వేరువేరు ప్రశ్నలని ఆ తిరుగుడులో తెలిసింది. ఆ తేడా ముందే తెలియకపోవడంవల్ల నష్టపోయింది కూడా మొదటి రోజే.

క్యోటోలో కియోమిజు ఆలయానికి దిగువనున్న గోజోజక ప్రాంతం కుండల దుకాణాలకు పేరుపడ్డది. అక్కడి పింగాణీ కప్పుల మీది సన్నని నీలి గీతల పనితనాన్ని ఎంతసేపు చూసినా తనివి తీరదు. అయితే చాలా దుకాణాలలో వస్తువులు అద్దాల వెనుక ఉంటాయి, ధరలు కూడా పర్యాటకుల రద్దీకి తగ్గట్టే ఉంటాయి. ఒక దుకాణంలో నాకు నచ్చిన కూజాను నీళ్ళు పోసి చూడవచ్చునా అని అడిగితే మర్యాదగానే కుదరదన్నారు. అందం చూసి మోసపోయి పద్నాలుగు వేల యెన్‌లు పెట్టి కొన్నాను. ఆ రాత్రి గదిలో టీ పోస్తుంటే ప్రతిసారీ చివరి చుక్క కొమ్ము కిందుగా జారి బల్ల మీద పడింది.

ఉజి సంగతి వేరు. క్యోటో నుంచి రైలులో అరగంటలోపే చేరుకునే ఈ ఊరిని పదిరూపాయల నోటులా జపాను వారు రోజూ చేతిలో చూస్తుంటారు: పది యెన్‌ల నాణెం మీద ఉన్నది ఇక్కడి బ్యోదోయిన్ ఆలయంలో 1053లో కట్టిన ఫీనిక్స్ మందిరమే. నేను వెళ్ళింది మాత్రం టీ తాగడానికి. ఆలయం వీధిలోని ఒక టీ దుకాణంలో గ్యొకురో అడిగితే, నీడపందిరి కింద పెంచిన ఆ ఆకును పిడి లేని హోహిన్ అనే చిన్న పాత్రలో వేసి, నీటిని సుమారు యాభై డిగ్రీలకు చల్లార్చి పోసి, రెండు నిమిషాలు ఆగమన్నారు. నీరు అంత గోరువెచ్చగా ఉంటుంది కనుకనే ఆ పాత్రకు పిడి అవసరం లేదు. ఈ చిన్న విషయం ఎన్నిసార్లు చదివినా అర్థంకానిది, పాత్రను అరచేతులతో ఎత్తగానే అర్థమైంది. కప్పులో పడింది నాలుగు చెంచాలకు మించదు గాని, అది టీ కంటే పప్పుకట్టుకు దగ్గరగా ఉందంటే అతిశయోక్తి కాదు. మూడోసారి కాచాక మిగిలిన ఆకుమీద కాస్త సోయా పులుసు చల్లి తినమని ఇచ్చారు. అది మాత్రం మన గోంగూర నాలుకలకు పెద్దగా ఆనదు. నది ఒడ్డునే ఉన్న అసాహి కుండల వారిది నాలుగు శతాబ్దాల నాటి వంశవృత్తి. వారి హోహిన్‌లు చూడముచ్చటగా ఉన్నాయి, ధర నా శక్తికి మించి ఉంది.

ఉజిలో బస చేసిన పాత పద్ధతి సత్రంలో చాప గది, పరుపు, గదిలోనే టీ పళ్ళెం ఏర్పాటు చేశారు. కూజా మాత్రం అచ్చులో పోసిన కర్మాగారపు సరుకు, లోపల స్టీలు జల్లెడ. ఊరంతా టీ గురించే మాట్లాడేచోట అది కాస్త వింతగా తోచింది. అయినా ఫ్లాస్కులోని నీరు ఏ వేళకు ఎంత వేడిగా ఉంటుందో ఆ ఇంటామె చెప్పి వెళ్ళిన తీరుకు ఆ లోటు తీరిపోయింది. మరునాడు పెట్టెను తక్క్యూబిన్ అనే సామాను బట్వాడా సేవలో నాగోయాకు పంపి చేతులూపుకుంటూ రైలెక్కాను. చెప్పిన గంటకు పెట్టె తమ్ముడింటి గుమ్మంలో ఉంది.

ఇక టోకొనామె. నాగోయా నుంచి మెయితెత్సు రైలులో సుమారు అరగంట ప్రయాణం. 2005లో తెరిచిన చూబు విమానాశ్రయం పక్కనే ఉన్నందున తిరుగు ప్రయాణానికీ అనుకూలం. జపాను ఆరు ప్రాచీన కుండల కేంద్రాలలో ఇదొకటి. క్యూసు చరిత్ర ఇక్కడ అంత పాతది కాదు. 19వ శతాబ్ది నడుమ ఎర్రమట్టి కూజాలు మొదలయ్యాయి. 1878లో చైనా నుంచి జిన్ షిహెంగ్ అనే నిపుణుణ్ణి రప్పించి ఆ దేశపు యిషింగ్ ఊరి కూజాల పద్ధతిని నేర్చుకున్నారు. ఆ పరంపరలో మూడవ యమద జోజన్‌ను 1998లో ప్రభుత్వం సజీవ జాతీయ నిధిగా గుర్తించింది. పాత దుకాణదారులు ఆ పేరు చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తారు.

ఊళ్ళోని కుండల కాలిబాట చిన్న చుట్టు 1.6 కిలోమీటర్లు. గంటలో ముగించవచ్చునంటారు గాని నాకు దాదాపు ఒక రోజు పట్టింది. దొకన్‌జక అనే వాలుదారిలో ఒక పక్క గోడ మట్టి గొట్టాలతో, ఇంకో పక్క సారాయి జాడీలతో పేర్చి ఉంటుంది. గొట్టాలు కాల్చేటప్పుడు వాడి పారేసిన వలయాలను నేలలో పరిచినందువల్ల వానలోనూ కాలు జారదు. పైన ఉన్న మెట్ల ఆవం 1887 ప్రాంతంలో కట్టినది. ఎనిమిది గదులు, ఎత్తు తేడాతో పది పొగగొట్టాలు, 1974 దాకా మంట చూసింది. ఫొటోల కోసం వచ్చేవారు కొండమీద నుంచి తొంగిచూసే పెద్ద పిల్లి తల బొమ్మ దగ్గర గుమిగూడతారు కనుక ఆవం దగ్గర నిదానంగా నిలబడవచ్చు. ఒకటి గుర్తుంచుకోవాలి: నేను బుధవారం వెళ్ళాను, సగం తలుపులు మూసి ఉన్నాయి. గురువారం మళ్ళీ వెళ్ళవలసి వచ్చింది.

ఆ గురువారమే అసలు పాఠం జరిగింది. ఒక చిన్న దుకాణంలో క్యోటో కూజా గోడు చెప్పుకుంటే, యజమాని నవ్వి, పక్కనే ఉన్న నీళ్ళ తొట్టి చూపి, షెల్ఫులో ఉన్న ఏ కూజానైనా నింపి పోసి చూడమన్నారు. నీరు తెగకుండా పలచని ధారగా రావాలి, ఆపగానే కొమ్ము చివర చుక్క నిలవకూడదు. పోస్తూ మూతమీది చిన్న రంధ్రాన్ని వేలితో మూస్తే ధార ఆగిపోవాలి. మూత అంచుకూ కూజా నోటికీ మధ్య గాలి చొరబడేంత సందు లేనప్పుడే అది సాధ్యం. ఆ పొందిక సారెమీద రాదు. కాల్చిన తరువాత సన్నని పొడి వేసి మూతను కూజామీదే తిప్పి తిప్పి అరగదీస్తారు. ఆ తరువాత కొమ్ము మొదట్లో లోపలి వైపు చూడమన్నారు. స్టీలు జాలీకి బదులు మట్టి పలకకే వందలాది సన్న రంధ్రాలు పొడిచిన సాసమే జల్లెడ అది. ఎరుపంతా మట్టి స్వభావమేనా అని అడిగితే, ఇప్పుడు చాలామంది మట్టిలో ఇనుప కావి కలుపుతారని దాపరికం లేకుండా చెప్పారు. ఆ మట్టినే పొగతో, గాలి తగ్గించి కాలిస్తే నల్లబడుతుందట. తొమ్మిది కూజాలతో నీళ్ళు పోసి చూశాక రెండు తీసుకున్నాను. ఒకటి రోజువారీ ఎర్రనిది, తొమ్మిది వేల యెన్‌లు. రెండవది సముద్రపు నాచు చుట్టి కాల్చినందువల్ల తీగల గుర్తులు పడ్డ మోగకె రకం, పద్దెనిమిది వేలు. కప్పులు అయిదే కట్టగా అమ్ముతారు. నాలుగును పలికే షి శబ్దం మరణాన్నీ సూచిస్తుందని ఆ సంఖ్యను తప్పిస్తారు. టీ రంగు తెలియాలని లోపల తెల్లగా ఉన్నవే ఎంచుకున్నాను.

టోకొనామెలో బస గురించి మాత్రం అంత మంచి మాట చెప్పలేను. నేను దిగిన చిన్న వసతి శుభ్రంగానే ఉంది గాని, రాత్రి భోజనానికి చుట్టుపక్కల హోటళ్ళున్నాయన్న వారి మాట నమ్మి ఏడు గంటలకు బయలుదేరితే అన్నీ కట్టేసి ఉన్నాయి. శాకాహారిని కనుక చివరికి స్టేషను దగ్గరి దుకాణంలో బియ్యపు ముద్దలతో సరిపెట్టుకున్నాను. నాగోయాలో ఉండి పగటిపూట వచ్చిపోవడమే మేలు.

యొక్కాయిచికి నాగోయా నుంచి కింతెత్సు రైలులో దాదాపు అరగంట. పర్యాటకులు తక్కువ, అందుకే నాకు నచ్చింది. ఇక్కడి బాంకొ కూజాలు ఇనుము ఎక్కువగా ఉన్న మట్టితో, గాలి తగ్గించి కాల్చడంవల్ల ఊదా గోధుమ రంగుకు వస్తాయి. నునుపుగా, నాణెం తాకినట్టు చల్లగా ఉంటాయి. 19వ శతాబ్దిలో మోరి యూసెత్సు ఈ పనికి విడివిడి చెక్క ముక్కలను కూర్చిన అచ్చును వాడాడు. పలచని మట్టిని దానిచుట్టూ చుట్టి, ఆరాక ముక్కలను ఒక్కొక్కటిగా నోటిలోంచి బయటికి లాగేవారు. బాంకొ కేంద్ర భవనంలో ధరలు టోకొనామె కంటే కొద్దిగా తక్కువే అనిపించాయి, ఆరు వేల అయిదు వందలకు ఒక నిగ్గుదేలిన ఊదా కూజా దొరికింది. అక్కడివారు దాన్ని కట్టిన తీరు చూసి నేను సిగ్గుపడ్డాను. మూతను తీసి, వేరే కాగితంలో చుట్టి, కూజా కడుపులో మెత్తటి కాగితం కూరి, కొమ్ము చుట్టూ అట్ట గొట్టం తొడిగి పెట్టెలో పెట్టారు.

సిగ్గెందుకంటే, ముందురోజు మోగకె కూజాను చూసుకుందామని విప్పి, మూత దానిమీదే ఉంచి తువ్వాలులో చుట్టి పెట్టెలో పెట్టింది నేనే. ఇంటికి వచ్చి తీస్తే మూత అంచున గోరంత పెచ్చు ఊడి ఉంది. కొత్త మూత కోసం టోకొనామె దుకాణానికి ఫొటో పంపితే, జతగా అరగదీసినవి కనుక వేరే మూత కుదరదని, పెచ్చు దొరికితే లక్కతో అతికించుకోమని ఆ యజమాని జవాబిచ్చారు. పెచ్చు తువ్వాలు మడతలోనే దొరికింది.