లారీ కంపెనీ ఉద్యోగానికి డిపాజిట్ కడుతున్నారా? ముందు ఆ 45 వేల లెక్క విప్పి చూడండి

శ్రీకాకుళం, విజయనగరం వాట్సాప్ గ్రూపుల్లో ఒకే తరహా ప్రకటన తిరుగుతోంది. ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో హెవీ డ్రైవరుకి 45,000 వరకు, ఆఫీసు స్టాఫ్‌కి 18,000, సీటుకి 20,000 డిపాజిట్, తర్వాత తిరిగిస్తారట. "రెండే సీట్లున్నాయి, బేగి కట్టేయండి" అని ఏజెంటు ఫోను మీద ఫోను. కట్టినవాళ్లలో చాలామందికి డిపాజిట్టూ రాలేదు, ఆ జీతమూ రాలేదు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఊరు మారితే బోర్డు మారుతుంది, కాగితం మాత్రం అదే.

45,000, 18,000 అనే ఆ రెండు జీతాల్నీ పక్కపక్కన పెట్టడంలోనే మోసం ఉంది. 45,000లో జీతం 15,000. బత్తా రోజుకి 500 చొప్పున 30 రోజులకి 15,000. కిలోమీటరుకి రూపాయిన్నర ఇన్సెంటివ్, 10,000 కిలోమీటర్లకి ఇంకో 15,000. కూడిక తప్పు కాదు. బండి నడపనోడు వేసిన కూడిక, అంతే.

నెలకి 10,000 అంటే రోజూ 333 కిలోమీటర్లు, ఒక్క రోజు కూడా ఆగకుండా. లోడు బండి సగటున గంటకి 35 వేసుకుంటే రోజుకి తొమ్మిదిన్నర గంటలు స్టీరింగు మీదే ఉండాలి. మరి లోడింగ్ ఎప్పుడు, అన్‌లోడింగ్ ఎప్పుడు? శ్రీకాకుళం నుంచి చెన్నై సుమారు 900, రానూపోనూ 1,800. వెళ్లడానికి రెండున్నర రోజులు, రావడానికి రెండున్నర, అక్కడ ఖాళీ చేయడానికి ఒకటి, తిరుగు లోడు కోసం ఇంకొకటి. ట్రిప్పుకి వారం. నెలకి నాలుగు ట్రిప్పులు కొడితే 7,200 కిలోమీటర్లు. ఇప్పుడు కాగితం వెనక్కి తిప్పండి. చిన్న అక్షరాల్లో ఉంటుంది: ఇన్సెంటివ్ 8,000 కిలోమీటర్లు దాటితేనే, బత్తా బండి నడిచిన రోజులకే. అంటే ఇన్సెంటివ్ సున్నా, బత్తా 20 రోజులకి 10,000. 45,000 కాస్తా 25,000 అయింది. ఇంకా కోతలు మొదలవలేదు.

కోతల్లో పెద్దది డీజిల్. 10 టైర్ల బండికి లీటరుకి 4 కిలోమీటర్లని ముందే రాసుకుంటారు. 1,800కి 450 లీటర్లు. బండి 3.8 ఇచ్చిందనుకోండి, దాదాపు 474 తాగుతుంది. తేడా 24 లీటర్లకి కాస్త తక్కువ. లీటరు 97 లెక్కన ట్రిప్పుకి సుమారు 2,300, నెలకి 9,200. ఇది డ్రైవరు డీజిల్ అమ్ముకున్నాడనే అనుమానం కింద జీతంలో కట్ అయిపోతుంది. 3.8 ఎందుకొచ్చిందో ఎవరూ అడగరు. టైర్లలో గాలి తక్కువైనా, ఓవర్‌లోడు ఉన్నా, గేటు బయట క్యూలో ఇంజను ఆన్‌లో ఉంచి గంటలు నిలబెట్టినా మైలేజీ పడిపోతుంది. పైగా కిలోమీటర్లు మీటరు చూసి లెక్కెయ్యరు, మ్యాపులో చూపించే దగ్గరి దారి చూసి వేస్తారు. నో ఎంట్రీ వల్ల చుట్టు తిరిగిన దూరమంతా మీ ఖాతాలోనే. అన్నిటికంటే ఘోరం, రాయపూర్ రూటుకి కూడా అదే 4 రాయడం. సాలూరు దాటాక ఘాట్‌లో లోడు బండి ఫస్టు, సెకండు గేర్లలో మూలుగుతూ ఎక్కుతుంటే అక్కడ 4 ఎలా వస్తుంది? రూటు వారీగా, లోడుకీ ఖాళీకీ వేరువేరుగా మైలేజీ రాసివ్వమనండి. బండి చేతికొచ్చిన రోజున ట్యాంకు ఫుల్ చేయించి, మొదటి ట్రిప్పు అయ్యాక మళ్లీ ఫుల్ చేయించి, రెండు బిల్లులూ, మీటరు ఫొటోలూ దాచుకోండి. బీఎస్-6 బండయితే యాడ్‌బ్లూ (పొగలో కాలుష్యం తగ్గించడానికి వేరే ట్యాంకులో పోసే ద్రవం) ఎవరి ఖర్చో కూడా అప్పుడే అడగాలి. అది అయిపోతే ఇంజను పవరు తగ్గిపోతుంది.

తిండి లెక్క ఎవరూ వెయ్యరు. 28 రోజులు రోడ్డు మీద రోజుకి 350 అనుకుంటే 9,800. డీజిల్ కోత ఒక్క రూపాయి లేకపోయినా మిగిలేది 15,200. కోత మొత్తం పడితే 6,000.

ఇక 18,000 ఆఫీసు ఉద్యోగం. ఇది సీటీసీ, అంటే మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు, చేతికొచ్చేది కాదు. బేసిక్ 12,000 అయితే కంపెనీ వాటా పీఎఫ్ 1,440, గ్రాట్యుటీ పేరుతో 577, ఈఎస్ఐ 3.25 శాతం కూడా ఆ 18,000లోంచే తీస్తారు. గ్రాస్, అంటే మీ వాటా కోతలకి ముందు జీతం, 15,480 దగ్గర తేలుతుంది. అందులోంచి మీ పీఎఫ్ 1,440, ఈఎస్ఐ 0.75 శాతం, వృత్తి పన్ను 150 పోతే చేతికి సుమారు 13,770. గ్రాట్యుటీ మామూలుగా అయిదేళ్లు నిండితేనే వస్తుంది, వాళ్లు మాత్రం మొదటి నెల నుంచే జీతంలో చూపిస్తారు. అయినా పీఎఫ్ మీ పేరునే జమవుతుంది, జబ్బు చేస్తే ఈఎస్ఐ ఉంటుంది, అన్నం ఇంట్లో తింటారు. డ్రైవరు కాగితంలో చాలాసార్లు పీఎఫ్, ఈఎస్ఐ రెండూ ఉండవు. ఉన్నా బత్తాని వాటి లెక్కలోకి తీసుకోరు.

అలాగని ఆఫీసు కుర్చీ సుఖమేమీ కాదు. ట్రాఫిక్ ఎగ్జిక్యూటివ్ అనే పేరు చూసి మురిసిపోకండి. సరుకుతో పాటు బండిలో ఉండాల్సిన జీఎస్టీ పత్రం ఈ-వే బిల్లు 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పునే చెల్లుతుంది, చెన్నైకి అయిదు రోజులు. బండి మధ్యలో ఆగిపోతే గడువు తీరడానికి ముందు 8 గంటలు, తీరాక 8 గంటలు, ఆ లోపే పొడిగించాలి. అది అర్ధరాత్రి పడితే ఫోను మోగేది మీకే. మర్చిపోతే బండి పట్టుకుంటారు, జరిమానా ఎవరిదన్న గొడవలో మీ జీతం ఆగుతుంది. పని వేళలు, రాత్రి డ్యూటీకి ఇచ్చేదెంత అన్నది ఆఫర్ లెటర్లో లేకపోతే చేరకండి. మా లెక్కలో డ్రైవరుకి ఆఫీసు కంటే గట్టిగానే ఎక్కువ రావాలి, నెలంతా బండితోనే ఉంటాడు కాబట్టి. ఇచ్చే కంపెనీలు లేకపోలేదు. అవి డిపాజిట్ అడగవు.

డిపాజిట్‌తో పాటు ఇంకో మూడు అడుగుతారు: ఒరిజినల్ లైసెన్సు, సంతకం పెట్టిన ఖాళీ చెక్కు, ఏమీ రాయని బాండు పేపరు. మూడూ ఇవ్వొద్దు. ఒరిజినల్ లైసెన్సు వాళ్ల బీరువాలో ఉంటే ఉద్యోగం మానడానికి కూడా వాళ్ల అనుమతి కావాలి. ఖాళీ చెక్కు మీద అంకె వాళ్లే వేసుకుని బౌన్సు కేసు పెడతారు. జెరాక్సు ఇచ్చి, ఒరిజినల్ చూపించి జేబులో పెట్టుకోండి. కారు లైసెన్సు వచ్చి ఏడాది నిండకుండానే హెవీ తీయించి ఇస్తామంటే అది దొంగ కార్డే. ఓవర్‌లోడు జరిమానా 20,000, పైన టన్నుకి 2,000. అది యజమానే కడతాడని రాయించుకోండి.

వివరాలు కనుక్కోవాలంటే ఆఫీసుకి వెళ్లకండి. మడపాం టోల్‌గేటు దగ్గరో, నాతవలస దగ్గరో ఆ కంపెనీ బండి ఆగితే, టీ తాగుతున్న డ్రైవర్ని పలకరించండి. "అన్నా, పోయిన నెల చేతికెంతొచ్చింది? డీజిల్ కోత ఎంత? పీఎఫ్ పాస్‌బుక్కులో పడుతోందా?" ఈ మూడూ చాలు. బండి నంబరు పరివాహన్‌లో (రవాణా శాఖ వెబ్‌సైటు) కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు గడువులూ కనిపిస్తాయి. ఇన్సూరెన్సు లేని బండి తోలమంటే జీతం మాట ఎత్తకుండా వచ్చేయండి.

ఇప్పటికే కట్టేసినవాళ్లు రసీదు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్, వాట్సాప్ ప్రకటన డిలీట్ చేయకండి. డబ్బు ఏజెంటు సొంత నంబరుకి వెళ్లి, అతను ఫోను ఎత్తడం మానేస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. కంపెనీలో చేరాక జీతం ఆపితే కార్మిక శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. ట్రిప్పు షీట్లు ఫొటో తీసి ఉంచుకుంటే అక్కడ పనికొస్తాయి. చాలామంది లెక్క చూసుకునే రోజున ఆ షీట్లన్నీ కంపెనీకే ఇచ్చేసి వస్తున్నారు.